డీజిల్ కారిన మట్టిని ఆ మట్టిలోని బ్యాక్టీరియాతోనే బాగుచేసుకోవడం ఎలా

మా పొలం షెడ్డులో కోతల టైముకని తెచ్చిపెట్టిన 200 లీటర్ల డీజిల్ డ్రమ్ము అడుగున తుప్పుపట్టి సన్నగా కారుతోందని నాన్న కనిపెట్టేసరికి, కర్ర ముంచి చూస్తే పాతిక లీటర్ల దాకా తక్కువొచ్చింది. మాది తెనాలి వైపు, నల్లమట్టి, చేతిపంపు షెడ్డుకి ముప్పై అడుగుల దూరం కూడా లేదు. చూడ్డానికి వచ్చినవాళ్లలో ఒక బాబాయి అగ్గిపుల్ల గీసి పడేస్తే కాలిపోద్ది కదరా అన్నాడు, ఇంకొకాయన సర్ఫు నీళ్లు కొట్టి కడిగెయ్యమన్నాడు, నాన్నయితే రెండు ట్రక్కుల మట్టి తోలించి పైన కప్పేస్తే సరి అన్నారు. కాలిస్తే షెడ్డుతో సహా పోతుంది. సర్ఫు కొడితే డీజిల్ ఇంకా లోతుకి, చేతిపంపు వైపుకి దిగుతుంది. మట్టి కప్పితే లోపల గాలి ఆడక అది ఏళ్ల తరబడి అక్కడే కూర్చుంటుంది.

నేను చదివింది మైక్రోబయాలజీ, చేసేది నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగం, కాబట్టి ఇంట్లో నా మాట ఈ ఒక్క విషయంలో చెల్లింది. నాలుగు నెలల్లో ఆ మట్టిని అందులో ఉన్న బ్యాక్టీరియాతోనే బాగుచేశాం. మధ్యలో రెండు తప్పులు చేశాను, అవీ చెప్తాను.

ముందు ఒక్క ముక్క అర్థం చేసుకుంటే మిగతాదంతా తేలిక. డీజిల్ తినే బ్యాక్టీరియాని మీరు ఎక్కడి నుంచో తేనక్కర్లేదు. మంచి నేలలో గ్రాము మట్టిలో కోట్ల సంఖ్యలో బ్యాక్టీరియా ఉంటుంది, అందులో సూడోమోనాస్, రోడోకాకస్, ఎసినెటోబాక్టర్ లాంటి కొన్ని జాతులకి డీజిల్ తిని బతకడం వచ్చు. మామూలు రోజుల్లో అవి ఏ మూలో కొద్దిగా ఉంటాయి. డీజిల్ పడగానే మిగతావి చాలా చస్తాయి, ఇవి పెరుగుతాయి. మరి అన్నీ ఉంటే డీజిల్ మరక ఎందుకు పోవట్లేదు అంటారా? తిండి కుప్పలుగా ఉంది కానీ గాలి లేదు, నత్రజని లేదు, భాస్వరం లేదు, తేమ సరిగా లేదు. డీజిల్ అంటే దాదాపు కార్బన్, హైడ్రోజన్ మాత్రమే. కూర, పప్పు, ఉప్పు ఏమీ లేకుండా బస్తాడు బియ్యం ముందు పోసి బతకమన్నట్టు. మన పనల్లా ఆ మిగతావి అందించడమే.

ఇది నా సొంత థియరీ కాదు. 1989 మార్చిలో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ నౌక రాతిదిబ్బకి కొట్టుకుని దాదాపు 1.1 కోట్ల గ్యాలన్ల ముడిచమురు సముద్రంలో కలిసినప్పుడు, అక్కడి రాళ్లబీచ్‌ల మీద ముఖ్యంగా చల్లింది బ్యాక్టీరియా కాదు, ఎరువు. నత్రజని, భాస్వరం అందేసరికి అక్కడ సహజంగా ఉన్న బ్యాక్టీరియా పని వేగం పుంజుకుంది. దీనికి ఎదురుగా ఇంకో కథ ఉంది. మన బెంగాల్‌లో పుట్టిన ఆనందమోహన్ చక్రవర్తి అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేస్తూ రకరకాల చమురు భాగాల్ని తినే ఒక సూడోమోనాస్‌ని ల్యాబ్‌లో తయారుచేశారు, దాని పేటెంటు కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1980లో 5-4 తేడాతో ఆయన పక్షాన తీర్పొచ్చింది. జీవానికి పేటెంటు అనే చర్చ మొత్తం ఆ కేసు చుట్టూనే తిరుగుతుంది. కానీ ఆ బ్యాక్టీరియాని నిజంగా చమురు ఒలికిన చోట ఎప్పుడూ వాడలేదు. ఆ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకి ఆ ఊరి ఎండ, నీళ్లు, చీడా అన్నీ అలవాటు, కొత్తగా దింపినవాళ్లు రెండు వారాల్లో చేతులెత్తేస్తారు. బ్యాక్టీరియా విషయంలోనూ ఎక్కువసార్లు జరిగేది ఇదే.

ఏ మట్టికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు

డీజిల్, కిరోసిన్, పెట్రోలు: బాగా పనికొస్తుంది. కొత్త ఇంజనాయిలు: పనిచేస్తుంది కానీ నెమ్మది. మెకానిక్ షెడ్డుల దగ్గర నల్లగా పేరుకున్న పాత ఇంజనాయిలు మట్టి మాత్రం వేరే కథ, అందులో ఇంజను అరుగుదల నుంచి వచ్చిన లోహాలు కూడా ఉంటాయి. బ్యాక్టీరియా నూనెని తినగలదు, సీసం (లెడ్) లాంటి లోహాన్ని తినలేదు. లోహం మూలకం, దాన్ని ముక్కలు చేయడానికి ఏమీ లేదు, నూనె పోయాక కూడా అది అక్కడే ఉంటుంది. పైగా వాడేసిన ఆయిలు మన దేశంలో 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది, దాన్ని అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకే ఇవ్వాలి.

పురుగుమందుల సంగతి చాలామంది అడుగుతారు, ముఖ్యంగా మిర్చి, పత్తి వేసేవాళ్లు. వాటినీ తినే బ్యాక్టీరియా ఉంది. డయాజినాన్, పారాథియాన్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందుల్ని విరగ్గొట్టే బ్యాక్టీరియాని 1970ల మొదట్లోనే ఫిలిప్పీన్స్ వరిమడి నుంచి వేరుచేశారు, ఆ పని చేసే జన్యువు మీద మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో దయానంద సిద్ధవటం గారి బృందం ఏళ్ల తరబడి పనిచేసింది. లిండేన్ లాంటి మొండి పురుగుమందుని కూడా తినే స్ఫింగోబియం అనే బ్యాక్టీరియా జాతులు మన దేశపు మట్టిలో దొరికాయి. అయినా సరే, చిక్కటి మందు డబ్బా ఒలికిన మట్టిని ఇంట్లో ఈ పద్ధతిలో బాగుచేద్దామని దిగకండి. ఒక మందు విరిగినప్పుడు వచ్చే ముక్క కొన్నిసార్లు విషంలో అసలుకంటే తక్కువదేం కాదు, పైగా ముట్టుకుంటేనే ప్రమాదం. అలాంటప్పుడు మట్టిని కప్పి, మనుషుల్ని, గొడ్లని దూరంగా ఉంచి వ్యవసాయ శాఖవాళ్లకి చెప్పాలి. ఇక పటాన్‌చెరు లాంటి చోట్ల ఫ్యాక్టరీల నుంచి ఏం కలిసిందో తెలియని మట్టికి ఈ వ్యాసం అసలే వర్తించదు.

కాబట్టి ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా కొన్ని పదుల లీటర్ల డీజిల్ లేదా కిరోసిన్ నేల మీద పడితే ఏం చేయాలనే. ట్యాంకరు బోల్తా పడితే అది కాలుష్య నియంత్రణ మండలి పని, మీది కాదు.

మొదటి రోజు

కారడం ఆపండి, మిగిలిన డీజిల్ వేరే డ్రమ్ములోకి తోడేయండి. నేల మీద మడుగు కట్టి ఉంటే పైన ఊక పోయండి, రంపపు పొట్టు అయినా సరే. పీల్చుకున్న ఊకని పారతో ఎత్తి మూత ఉన్న డ్రమ్ములో పెట్టుకోండి, తర్వాత కొంచెం కొంచెంగా మడిలో (డీజిల్ పట్టిన మట్టిని తవ్వి తీసుకెళ్లి పరిచి బాగుచేసే చోటు, కింద చెప్తాను) కలపొచ్చు. ఎవరూ బీడీ ముట్టించకూడదు. పెట్రోలు అయితే ఇంకా జాగ్రత్త, ఆవిరి కమ్మేసి ఉంటుంది, గంటల తరబడి గాలి ఆడనిచ్చాకే దగ్గరికి వెళ్లాలి. రబ్బరు గ్లౌజులు, బూట్లు తప్పనిసరి, డీజిల్ చర్మానికి పడదు. పక్కన బావో, పంపో ఉంటే పరీక్ష చేయించేదాకా ఆ నీళ్లు తాగొద్దు. మేము రెండు నెలలు ఆ చేతిపంపు హ్యాండిల్‌కి గుడ్డ కట్టి ఉంచాం, పిల్లలు మర్చిపోయి కొట్టకుండా.

ఎంత లోతు తవ్వాలో తెలియాలంటే ముక్కుని మాత్రమే నమ్మకండి, పది నిమిషాలకి ముక్కు మొద్దుబారిపోతుంది. దానికంటే మంచిది సీసా పరీక్ష. లోపలున్నది కనిపించే ప్లాస్టిక్ నీళ్ల సీసాలో పావు వంతు మట్టి, ముప్పావు వంతు నీళ్లు పోసి బాగా ఊపి పది నిమిషాలు నిలబెట్టండి. పైన రంగురంగుల పొర కడితే డీజిల్ ఉన్నట్టే. మా షెడ్డులో డ్రమ్ము కింద సరిగ్గా రెండడుగుల దాకా పొర కట్టింది, మూడడుగులు పక్కకి జరిగేసరికి ఒక్క అడుగులోనే ఆగిపోయింది. పొర కట్టని చోటు వచ్చేదాకా తవ్వి, ఇంకో జానెడు తవ్వండి. సీసాల మీద ఎక్కడిది, ఎంత లోతుది అని మార్కర్‌తో రాసుకోండి, లేకపోతే సాయంత్రానికి ఏది ఏదో తెలియదు. నాకు తెలీలేదు, మర్నాడు మళ్లీ తీశాను.

గుంటలో నీళ్లు ఊరి వాటి మీద డీజిల్ తేలుతుంటే అక్కడితో ఆపేయండి. భూగర్భజలానికి తగిలిందంటే పలుగూ పారతో తేలే వ్యవహారం కాదు, ఆ పని చేసేవాళ్లని పిలవాలి.

మడి

తవ్విన మట్టిని తీసుకెళ్లి పరిచే చోటు బావికి, కాలవకి దూరంగా, నీళ్లు నిలవని మెరకలో ఉండాలి. అడుగున మందపాటి సిల్పాలిన్ (గట్టి ప్లాస్టిక్ టార్పాలిన్) షీటు వేయాలి, అజొల్లా మడులకి వేసే 250 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి 250 గ్రాముల బరువుండే) షీటు చాలు. చుట్టూ ఇటుకలు పేర్చి షీటు అంచుల్ని వాటి మీదుగా పైకి లాగండి, వాన పడ్డా, నీళ్లు ఎక్కువైనా మడిలోని నీరు బయటికి పోకూడదు. మట్టి మందం అడుగు దాటొద్దు. కారణం గాలి.

ఇక్కడ ఒక లెక్క చెప్తాను, ఈ పద్ధతి మొత్తం ఈ లెక్కలోనే ఉంది. ఒక కిలో డీజిల్ పూర్తిగా కార్బన్ డయాక్సైడు, నీళ్లు అయిపోవాలంటే సుమారు మూడున్నర కిలోల ఆక్సిజన్ కావాలి. పాతిక లీటర్లంటే 21 కిలోల డీజిల్, అంటే 70 కిలోలకి పైగా ఆక్సిజన్. అంత ఆక్సిజన్ ఉండే గాలి 250 ఘనమీటర్లు, పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న గదులు తొమ్మిది నిండేంత. అదంతా ఆ అడుగు మందం మట్టిలోకి దూరాలి. ఎందుకు తిరగబెట్టమంటారో, పైన మట్టి కప్పేస్తే సరి అన్న నాన్న మాట ఎందుకు కుదరదో ఇప్పుడు అర్థమవుతుంది.

మాది నల్లమట్టి కాబట్టి తడిస్తే బంక, ఆరితే బండ. అందుకే పది తట్టల మట్టికి ఒక తట్ట ఊక కలిపాం, రైస్ మిల్లులో ఊరికే దొరికింది. ఎర్రనేల, ఇసకనేల వాళ్లకి ఊక అంత అవసరం లేదు, కానీ వాళ్లకి తేమ నిలవదు కాబట్టి మాగిన పశువుల ఎరువు కాస్త ఎక్కువ పడాలి. పచ్చిపేడ వద్దు. అది కుళ్లుతూ ఉన్న ఆక్సిజన్ అంతా లాగేస్తుంది.

ఇప్పుడు తోడు. పెరుగు తోడు పెట్టినట్టే. మచ్చ అంచున, అంటే డీజిల్ మరీ చిక్కగా లేని, అయినా వాసన తెలిసే చోట ఉన్న మట్టిలో డీజిల్ తినడం అలవాటైన బ్యాక్టీరియా ఎక్కువగా ఉంటుంది. ఆ మట్టి ఒకటి రెండు తట్టలు విడిగా తీసిపెట్టుకుని మడి మొత్తం మీద సమంగా చల్లి కలపండి. మా షెడ్డులో ట్రాక్టరు నిలిపే మూల ఏళ్లుగా చుక్కచుక్క పడిన చోటు ఒకటి ఉంది, అక్కడి పైమట్టి కూడా ఒక తట్ట వేశాను. ఏళ్ల తరబడి డీజిల్ మీదే బతికిన బ్యాక్టీరియా అక్కడ ఉండకుండా ఎలా ఉంటుంది.

ప్యాకెట్లలో, సీసాల్లో వచ్చే బ్యాక్టీరియా కొనాలా అని చాలామంది అడిగారు. నా అభిప్రాయం, ఇంత చిన్న పనికి వద్దు. టెరి అనే ఢిల్లీ పరిశోధన సంస్థ మన దేశపు చమురు మట్టి నుంచి తీసిన బ్యాక్టీరియాతో ఆయిల్‌జాపర్ అని తయారుచేసింది, రిఫైనరీల దగ్గర పేరుకున్న చమురు బురద మీద వాడారు, అక్కడ అది అర్థమున్న పనే. మన షెడ్డు మట్టికి తక్కువైంది బ్యాక్టీరియా కాదు. సీసాలో పెంచి పోద్దామనే ఆలోచన కూడా మానుకోండి. డీజిల్ తినే సూడోమోనాస్‌లలో ఎరుగినోసా అనేది పుండ్లకి, చెవులకి, ఊపిరితిత్తులకి ఇన్‌ఫెక్షన్ తెచ్చే రకం. మట్టిలో అందరితో కలిసి ఉన్నప్పుడు దానితో గొడవ లేదు, బకెట్ నిండా పెంచితే గొడవ.

జీవామృతం పోయొచ్చా? ఇదీ ఎక్కువగా వచ్చే ప్రశ్నే. నేను పోయలేదు. అందులో బెల్లం, పిండి ఉంటాయి. ఇంట్లో పాయసం ఉండగా చద్దన్నం ముట్టేదెవరు? తేలిగ్గా అరిగే చక్కెర ఉంటే చాలా బ్యాక్టీరియాలు ముందు దాన్నే తింటాయి, డీజిల్ తినే ఎంజైములు తయారుచేయడం కూడా పక్కన పెట్టేస్తాయి, పైగా ఆ పూటకి ఆక్సిజన్ ఖర్చు.

ఎరువు

అందరూ వాడే నిష్పత్తి కార్బన్ 100కి నత్రజని 10, భాస్వరం 1. మా మడి 3 మీటర్లు పొడవు, 2 మీటర్లు వెడల్పు, అడుగు మందం, మట్టి బరువు సుమారు 2,400 కిలోలు. డీజిల్ 21 కిలోలు, అందులో కార్బన్ 18 కిలోలు. అంటే నత్రజని 1.8 కిలోలు, భాస్వరం 180 గ్రాములు. ఒక కిలో డీఏపీలో భాస్వరం దాదాపు 200 గ్రాములు, నత్రజని 180 గ్రాములు ఉంటాయి, కాబట్టి డీఏపీ ఒక కిలో. మిగతా నత్రజనికి యూరియా మూడున్నర కిలోలు. డీఏపీ బస్తా మీద 46 అని చూసి అదే భాస్వరం అనుకోకండి, అది ఆక్సైడు లెక్క, అసలు భాస్వరం అందులో సగం కంటే తక్కువ.

నా మొదటి తప్పు ఇక్కడే. యూరియా మొత్తం ఒకేసారి చల్లేశాను. మూడో రోజు టార్పాలిన్ ఎత్తితే అమోనియా ఘాటు కళ్లలో నీళ్లు తెప్పించింది, మట్టి పీహెచ్ (పులుపు, క్షారాల కొలత, 7 అంటే మధ్యస్థం) తొమ్మిది దగ్గరికి ఎక్కింది. డీజిల్ తినే బ్యాక్టీరియాకి 6 నుంచి 8 మధ్య హాయి. తేరుకోవడానికి మాగిన ఎరువు ఇంకాస్త కలిపి, రెండు రోజులకోసారి తిరగబెట్టి, పది రోజులు ఎదురుచూడాల్సి వచ్చింది. యూరియాని నాలుగు వాటాలు చేసి, పదిహేను రోజులకోసారి ఒక వాటా నీళ్లలో కరిగించి, మొక్కలకి నీళ్లు చల్లే డబ్బాతో చల్లి కలపండి. డీఏపీ మొదటిసారే పొడికొట్టి కలిపేయొచ్చు. నిజానికి కొంత డీజిల్ ఆవిరైపోతుంది కాబట్టి లెక్కకి వచ్చిన యూరియా మొత్తం పట్టకపోవచ్చు, మూడో వాటా అయ్యాక చూసుకోండి.

నీళ్లు, తిరగబెట్టడం

తేమకి మీటర్లు అక్కర్లేదు. గుప్పెడు మట్టి తీసి గట్టిగా పిసకండి. ఉండ నిలబడాలి, వేళ్ల సందుల్లోంచి నీరు రాకూడదు, బొటనవేలితో నొక్కితే ఉండ విరగాలి. నీరు వస్తే ఎక్కువైనట్టు, ఉండ కట్టకపోతే తక్కువైనట్టు. బ్యాక్టీరియా నీటిపొరలోనే బతుకుతుంది, కానీ రంధ్రాలన్నీ నీళ్లతో నిండితే గాలికి చోటుండదు.

వారానికోసారి పారతో అడుగు మట్టి పైకి, పై మట్టి అడుగుకి. అడుగు షీటు చిరగకుండా చూసుకోండి, పారకంటే వెడల్పు చెక్క గరిట లాంటిది ఉంటే మేలు. మొదటి నెల వారానికి రెండుసార్లు తిరగబెడితే ఇంకా మంచిది, ఎందుకంటే తేలికగా అరిగే భాగాన్ని అవి తినేది అప్పుడే, ఆక్సిజన్ గిరాకీ అప్పుడే ఎక్కువ.

పైన కప్పు ఉండాలి కానీ మడికి అతుక్కుని ఉండకూడదు. రెండో తప్పు ఇదే. వాయుగుండం అని ఫోన్లో మెసేజ్ రాగానే టార్పాలిన్ మడి మీదే పరిచి చుట్టూ ఇటుకలు పెట్టి బిగించేసి ఊరెళ్లాను. ఐదు రోజుల తర్వాత తీస్తే మధ్యలో మట్టి నల్లగా నిగనిగలాడుతూ మురిగిన కోడిగుడ్డు కంపు. గాలి లేక ఆక్సిజన్ అక్కర్లేని బ్యాక్టీరియా రాజ్యం మొదలైందన్నమాట. అవి కూడా డీజిల్‌ని తింటాయి గానీ నత్తనడక. నాలుగు కర్రలు పాతి పందిరిలా కడితే ఈ గొడవ ఉండదు. ఎండాకాలంలోనూ ఆ పందిరే కాపాడుతుంది, మన మే నెల ఎండ నేరుగా పడితే పైమట్టి కాలి ఎండిపోతుంది. మేము కార్తీకంలో మొదలుపెట్టి మాఘం దాటాక ముగించాం, కోస్తాలో చలికాలం బ్యాక్టీరియాకి ఇబ్బంది పెట్టేంత ఉండదు కాబట్టి ఇదే మంచి కాలం అని నా లెక్క.

నిజంగా తింటున్నాయా

వాసన పోయింది కాబట్టి డీజిల్ పోయింది అనుకోవడం అందరూ చేసే పొరపాటు. వాసన వచ్చేది తేలికపాటి భాగాల నుంచి, అవి ఊరికే తిరగబెట్టినా గాల్లో కలిసిపోతాయి. అందుకే మొదటి రోజే అదే మట్టి ఒక బకెట్ తీసి, ఎరువు వేయకుండా, తిరగబెట్టకుండా పక్కన పెట్టుకోండి. మడితో పోల్చడానికి అదే సాక్షి.

ఒక సరదా పరీక్ష ఉంది, ఖర్చు లేదు. తాంబూలం సున్నం నీళ్లలో కలిపి ఒక రాత్రి ఉంచి పైన తేరిన తేట తీసుకోండి. మూత గట్టిగా పట్టే మూడు ఆవకాయ జాడీల్లాంటి గాజుసీసాలు కావాలి. ఒకదాంట్లో మడి మట్టి, ఒకదాంట్లో అదే పాళ్లలో ఊక, మాగిన ఎరువు కలిపిన మంచి మట్టి, ఒకటి ఖాళీ. మూడింట్లోనూ చిన్న గిన్నెలో సున్నపు తేట పెట్టి మూతలు బిగించి ఒక రాత్రి వదిలేయండి. బ్యాక్టీరియా ఊపిరి వదిలితే వచ్చే కార్బన్ డయాక్సైడు తగిలి తేట మీద తెల్లటి పొర కడుతుంది. మాకు మడి మట్టి సీసాలో పొద్దున్నకి వేలుపెడితే పెళుసుగా విరిగేంత పొర కట్టింది, మంచి మట్టి సీసాలో పల్చగా, ఖాళీ దాంట్లో అంచున కొంచెం. యూరియా వేసిన వారంలో మాత్రం ఈ పరీక్ష చేయకండి, యూరియా విరిగినా అదే వాయువు వస్తుంది, మీరు మురిసిపోతారు.

ఇంకొకటి పెసలు. మడి మట్టి ఒక కుండీలో, మంచి మట్టి ఇంకో కుండీలో, ఇరవయ్యేసి పెసలు వేసి వారంలో ఎన్ని మొలిచాయో లెక్కపెట్టండి. మొదట మడి మట్టిలో నాలుగు మొలిచి అవీ వేరు కొసలు నల్లబడి ఆగిపోయాయి. మూడో నెలకి రెండు కుండీలకీ పెద్ద తేడా లేదు. మా అమ్మకి నమ్మకం కుదిరింది ఈ పెసలు చూశాకే, అంతదాకా మేము మట్టితో ఆడుకుంటున్నామనే అనుకుంది.

ఇవన్నీ సూచనలే, రుజువు కాదు. రుజువు కావాలంటే ల్యాబ్‌లో మొత్తం పెట్రోలియం హైడ్రోకార్బన్ల పరీక్ష (మట్టిలో చమురు పదార్థాలన్నీ కలిపి ఎంత ఉన్నాయో కొలిచేది) చేయించాలి: మొదలుపెట్టిన రోజు, రెండు నెలలకి, చివర్లో. మడిలో ఐదారు చోట్ల నుంచి గుప్పెడేసి తీసి కలిపి, గాజుసీసాలో నిండుగా నింపి, ఐసులో పెట్టి అదే రోజు పంపాలి. ప్లాస్టిక్ కవర్లో వేస్తే కొంత ఆ కవరే పీల్చుకుంటుంది. బకెట్ మట్టిని కూడా పంపండి, లేకపోతే ఊరికే వదిలేసినా ఎంత తగ్గేది, మన పని వల్ల ఎంత తగ్గింది అన్నది తేలదు.

మొదటి రెండు నెలల్లో అంకె గబగబా పడుతుంది, తర్వాత మొరాయిస్తుంది. టెన్షన్ పడకండి. డీజిల్ ఒక పదార్థం కాదు, వందల పదార్థాల కలగూరగంప. తిన్నగా ఉన్న కార్బన్ గొలుసుల్ని బ్యాక్టీరియా ముందు పట్టుకుంటుంది. చివర ఆక్సిజన్ తగిలించి, కొవ్వు ఆమ్లంగా మార్చి, రెండేసి కార్బన్ల చొప్పున కొరుక్కుంటూ పోతుంది. మన ఒంట్లో కొవ్వు కరిగేదీ దాదాపు ఇదే పద్ధతి. కొమ్మలున్న గొలుసులు ఆ తర్వాత, ఉంగరాల్లా ముడిపడ్డవి అన్నిటికంటే చివర. ఆఖరికి కొంత మట్టి రేణువులకి అతుక్కుపోయి మిగులుతుంది, అది ఎంత తిరగబెట్టినా తొందరగా రాదు. పనంతా అంకె సున్నా చేయడానికి కాదు, కారేది, నీళ్లలో కలిసేది లేకుండా చేయడానికి.

నాలుగు నెలలకి సీసా పరీక్షలో పొర కట్టడం ఆగింది, ల్యాబ్ అంకె మొదటి దాంట్లో పదో వంతు చుట్టుపక్కలకి దిగింది, బకెట్ మట్టి సగం కూడా తగ్గలేదు. ఇక మట్టి ఏం చేయాలి? కూరగాయల మడిలో, వరిపొలంలో వేయకండి, ఎంత శుభ్రంగా కనిపించినా సరే. మేము షెడ్డు వెనక మెరక కోసం పరిచి పైన రెండు కానుగ మొక్కలు పెట్టాం. గుంటని మంచి మట్టితో పూడ్చాం. చేతిపంపు నీళ్లు మూడుసార్లు పరీక్ష చేయించి, మూడుసార్లూ ఏమీ రాలేదని తేలాకే హ్యాండిల్‌కి కట్టిన గుడ్డ విప్పాం.

కొత్త డ్రమ్ము ఇప్పుడు నేల మీద లేదు. రెండు వరసల ఇటుకల మీద, కింద సిమెంటు తొట్టి, ఆ తొట్టిలో 200 లీటర్లూ పట్టేంత చోటు. నెలకోసారి కర్ర ముంచి క్యాలెండర్ మీద అంకె రాయడం నాన్న డ్యూటీ.